రాజేశం తెచ్చిన సీసా

ఎనభైల చివర్లో, ఒక జూన్ నెలలో నన్ను జగిత్యాల నుంచి సిరిసిల్ల ప్రభుత్వాసుపత్రికి బదిలీ చేశారు. హోదా సివిల్ అసిస్టెంట్ సర్జన్. పని ఆడవాళ్ల ఓపీ, కాన్పులు. పిల్లలు కలగడం లేదని వచ్చేవాళ్లంతా ఆడవాళ్లే. "మీ ఆయన్ని తీసుకురామ్మా" అంటే, వినరాని మాట విన్నట్టు నోటికి కొంగు అడ్డం పెట్టుకునేవారు. వీర్యపరీక్ష ఎంత సులువో చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టేది. మగవాళ్లు మాత్రం ఆ ఛాయలకు వచ్చేవారు కాదు.

అలాంటిది ఒక ఉదయం రాజేశం తనంతట తానే వచ్చాడు. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసే మనిషి. పెళ్లయి ఐదేళ్లు. అతని భార్య పద్మ ఎక్కడెక్కడో మందులు మింగి, చివరికి నా దగ్గరికి వచ్చింది. పరీక్షలన్నీ చేశాను, ఏ లోపమూ కనబడలేదు. అయినా అత్తగారు కొడుక్కి రెండో సంబంధం వెతుకుతోంది. గంభీరావుపేటలో ఉండే పద్మ తండ్రి ఆ సంగతి అన్నలతో, అంటే నక్సలైట్లతో, మొరపెట్టుకున్నాడు. ఆ రోజుల్లో ఆలుమగల తగవులు కూడా వాళ్ల పంచాయతీకే వెళ్లేవి.

"ముందుగాల నువ్వు పరీక్ష చేయించుకో, గా తర్వాతనే రెండో పెండ్లి ముచ్చట అన్నరు డాక్టరమ్మా," అన్నాడు రాజేశం నేల చూపులు చూస్తూ. నేను ఎంత మొత్తుకున్నా కదలని మగవాణ్ణి వాళ్లు ఒక్క మాటతో కదిలించారు. నాకు కొంచెం ఉక్రోషం వచ్చిన మాట నిజం.

పద్ధతి వివరించాను. మూడు రోజులు భార్యకు దూరంగా ఉండాలి. మేమిచ్చే వెడల్పు మూతి సీసాలోనే నమూనా పట్టి, చల్లారకుండా లోపలి జేబులో పెట్టుకుని, గంటలోపు తేవాలి. ఆసుపత్రిలో ఇవ్వడానికి సిగ్గుపడ్డాడు కాబట్టి ఇంటి నుంచే తెమ్మన్నాను.

సీసా వచ్చింది. మైక్రోస్కోపు కింద చూస్తే ఒక్క వీర్యకణం లేదు. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున పేరుకున్నదాన్ని చూశాను. అక్కడా లేదు. ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకూడదన్నది మా నియమం. కణాలు కనబడలేదని, ఇంకోసారి చూడాలని నెమ్మదిగా చెప్పాను. కుంగిపోతాడనుకుంటే, గయ్యిమని లేచాడు.

"గదెట్లయితది? ఆనికి ముగ్గురు పోరగాండ్లున్నరు!"

"ఎవరికయ్యా?" అన్నాను. రాజేశం నాలుక కరుచుకున్నాడు.

పరీక్షలో తప్పితే ఊళ్లో తలెత్తుకోలేనని, పక్క సాంచా మల్లేశంతో సీసా నింపించాడట. ఆ మల్లేశం వరండాలోనే ఉన్నాడు. రాజేశాన్ని బయటికి పంపి అతన్ని పిలిచాను.

"మూడో పిల్ల పుట్టినంక క్యాంపుల ఆపరేషన్ చేయించుకున్న," అన్నాడు గొంతు తగ్గించి. "బలం పోయిందంటరని సాంచాల కాడ ఎవ్వరికీ చెప్పలే. చూస్తే ఎప్పటి తీరుగనే ఉండె గద డాక్టరమ్మా!"

వేసెక్టమీ అయినవారి ద్రవం చూడ్డానికి అలాగే ఉంటుంది. కణాలు మాత్రం అందులో చేరవు. ఆ ముక్క చెప్పలేక, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాను. చివరికి మల్లేశమే బయటికి వెళ్లి స్నేహితుడికి అసలు సంగతి చెప్పాడు.

తర్వాత రాజేశం, అంతా బాగుందని రాసివ్వమని బతిమాలాడు. ఆ కాగితం రాస్తే నెపమంతా పద్మ మీద పడుతుంది, ఇంట్లోకి సవతి వస్తుంది. కుదరదన్నాను. ఈసారి ఆసుపత్రిలోనే సీసా ఇచ్చాడు. కణాలు బాగా తక్కువ, ఉన్నవాటికి కదలిక లేదు. పరీక్ష చేస్తే ఎడమవైపు వృషణం మీద సిరలు ఉబ్బి ఉన్నాయి. దాన్ని వేరికోసీల్ అంటాం. చిన్న ఆపరేషన్‌తో చాలామందికి మేలు జరుగుతుంది. రిపోర్టు అతని చేతికే ఇచ్చి, ఇంట్లో నువ్వే చెప్పుకోమన్నాను. చెప్పాడు. అత్తగారు సంబంధాలు వెతకడం మానేసింది. ఆపరేషన్ అయిన రెండో ఏట పద్మకు నా చేతుల మీదే ఆడపిల్ల పుట్టింది.

రిపోర్టు వచ్చిన మర్నాడు పద్మ నా గదిలో కూర్చుని నవ్వుతూనే ఒక మాట అడిగింది. "అయితే డాక్టరమ్మా, గిన్నేండ్లు ఆయన గోలీలు నేను మింగిన్నా?"

ఆ తర్వాత నా ఉద్యోగమంతా, భర్త పరీక్ష కాకుండా పిల్లల కోసమని ఏ ఆడమనిషికీ ఒక్క గోలీ రాయలేదు.