సీదా అంటే ఎటు?

నాకు ముక్కు మీద కోపం. అందుకే ఆ రోజు ముందుగా ప్రింటరు మీద విరుచుకుపడ్డాను.

అప్పట్లో రాయచూరులో ఒక చిన్న గదిలో కూర్చుని మొబైల్ యాప్‌లు రాసేవాణ్ణి. థర్మల్ ప్లాంటులో బూడిద ఎత్తే పనికి కూలీలను పెట్టే కాంట్రాక్టరు ఒకాయన, గేటు పాసుల కోసం ఫోటోలు తీసే యాప్ కావాలన్నాడు. వారంలో చేసి ఇచ్చాను. మొదటి రోజే పాసుల మీద జనమంతా అడ్డంగా పడుకుని వచ్చారు.

పక్కనున్న మట్మారి ఊరి నుంచి పనికి వచ్చే ఒకామె కార్డు పట్టుకుని నేరుగా నా గదికే వచ్చింది. గేటు దగ్గర సెక్యూరిటీ అతను కార్డు చూసి, "అడ్డ ఫోటో నడెయల్లమ్మా" అని, అడ్డంగా ఉన్న ఫోటో చెల్లదని కన్నడంలో చెప్పి వెనక్కి పంపేశాడట. మర్నాడు పొద్దున షిఫ్టుకు సరైన పాసు లేకపోతే ఆమె చోటు ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడట కాంట్రాక్టరు.

"ఏంది బిడ్డా, నన్ను గిట్ల పండవెట్టినవ్? నేనింక సావలే గద!" అంది. నవ్వుతూనే అంది గానీ కార్డు నా బల్ల మీద పెట్టి అక్కడే నిలబడింది. ఆ పని కోసం ఎన్నాళ్ళు తిరిగిందో తర్వాత చెప్పింది.

నా ఫోన్‌లో అదే యాప్‌తో అక్కడే ఆమెను ఒక ఫోటో తీశాను. నిక్షేపంగా నిలబడే వచ్చింది. ఇంకేం, తప్పు ప్రింటరుదేనని తేల్చేశాను. ఆడలేక మద్దెల ఓడు అనడం అంటే అదే. కానీ పాసు ఫోటో కాంట్రాక్టరు షెడ్డులో, వాళ్ళ ఫోన్‌తోనే తీయాలి. ఇద్దరం అక్కడికి వెళ్ళాం.

షెడ్డులో ఫోటోలు తీసేది ఒక పెద్దాయన, ఊళ్ళో అందరూ చాచా అంటారు. ఆమెను నిలబెట్టాడు, ఫోన్ ఎత్తాడు, స్క్రీన్ చూశాడు, ఫోన్‌ను కుడిచేతి వైపుకు పడుకోబెట్టి నొక్కాడు.

"అట్లెందుకు తిప్పుతున్నావు చాచా?" అని అరిచినంత పని చేశాను.

"తుమీచ్ లిఖే నా బేటా, సీదా బోల్‌కే!" అన్నాడు ఆయన, నాకంటే గట్టిగా.

నిజమే, సీదా అని రాసింది నేనే. ఫోన్ నిలువుగా పట్టుకోమని చెప్పడానికి స్క్రీన్ మీద కన్నడ అక్షరాల్లో ఆ ఒక్క మాటే పెట్టాను. మూడు భాషల ఊరు కదా, అందరికీ తెలిసిన మాట దొరికిందని మురిసిపోయాను కూడా. మా ఇంట్లో సీదా అంటే నిటారుగా అని. చాచా ఇంట్లో సీదా చెయ్యి అంటే కుడి చెయ్యి. ఆయన బుద్ధిగా కుడివైపుకు తిప్పుతున్నాడు.

సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఎటు పట్టుకున్నా కెమెరా బొమ్మను తన పద్ధతిలో ఒకే వైపుగా రాసుకుంటుంది. ఏది పైవైపో చెప్పే చిన్న గుర్తును ఫోటోతో పాటు పెట్టాల్సింది యాప్. అందరూ నాలాగే నిలువుగా పట్టుకుంటారనుకుని ప్రతి ఫోటోకూ ఒకటే గుర్తు పెట్టేశాను. నేల ఎటు ఉందో ఫోన్‌కు తెలుసు. నేనే దాన్ని అడగలేదు.

అక్కడే బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి, ఫోటో తీసే ప్రతిసారీ ఆ సంగతి ఫోన్‌ను అడిగేలా రాశాను. ఆ మాటను స్క్రీన్ మీంచి తీసేశాను. "ఇప్పుడు నీ ఇష్టం వచ్చినట్టు పట్టుకో చాచా" అన్నాను. ఆయన నా మీద కసి కొద్దీ ఫోన్‌ను తలకిందులు చేసి తీశాడు. ఆమె కాళ్ళ మీదే నిలబడి వచ్చింది. ముగ్గురం నవ్వాం. ఆ ఫోటోతోనే కొత్త పాసు ప్రింటు తీశాం.

మర్నాడు పొద్దున గేటు దగ్గరికి నేనూ వెళ్ళాను. సెక్యూరిటీ అతను కార్డు చూశాడు, ఆమె ముఖం చూశాడు, పక్కకు జరిగాడు. ఆమె నాలుగడుగులు లోపలికి వేసి మళ్ళీ గేటు దాకా వచ్చింది.

"రేపు మా చెల్లెను తోల్కొస్త బిడ్డా. ఆమెకు గూడ ఫోటో తీపియ్యి."

తీసుకురమ్మని తలూపాను.