శాశ్వత చిరునామా తప్పనిసరి

2000 సంవత్సరం ఫిబ్రవరిలో నన్ను సింగపూర్‌లో ఒక ప్రదర్శనశాల పనికి వేశారు. మొదటి సమావేశంలో ఉన్నవారు, ఉన్నవి: మేనేజర్ లిమ్, డేటాబేస్ చూసే గుంటూరు ప్రసాద్, మరో ఇద్దరు ప్రోగ్రామర్లు, నేను, కంప్యూటర్లు మూడు, వాటిలో పనిచేసేవి రెండు. ఆదిమానవుల గురించి తెలిసినవారు ఎవరూ లేరు.

మమ్మల్ని అసలు తెచ్చింది వైటూకే కోసం. పాత బ్యాంకు ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే ఉండేవి; వాటిని నాలుగు చేయడం మా పని. జనవరి ఒకటిన ఏ ఉపద్రవమూ రాలేదు. పని బాగా చేసినందువల్ల మాకు పని లేకుండా పోయింది. కంపెనీ మమ్మల్ని మంచుయుగానికి బదిలీ చేసింది.

ఆ కాలంలో సముద్రం చాలా కింద ఉండేది. సింగపూర్ అప్పుడు దీవి కాదు. సుమత్రా, జావా, బోర్నియోలతో కలిసిన పెద్ద నేలలో ఒక మిట్ట. మంచు కరిగి సముద్రం పైకి వచ్చినప్పుడు, ఆ మైదానంలో వేటాడుతూ, దుంపలు తవ్వుకుంటూ బతికిన మనుషులు ఎలా నిలదొక్కుకున్నారో తెరమీద చూపించాలి. గుంపులో ఇరవై నలుగురు. పిల్లలు మీట తిప్పితే నీళ్ళు పెరుగుతాయి.

ప్రోగ్రాం సిద్ధమైన వారం, శుక్రవారం అంగీకార పరీక్ష. అంటే ప్రదర్శనశాలవాళ్ళు చూసి సంతకం పెట్టాలి. సింగపూర్‌లో ఉండి పనిచేయడానికిచ్చే మా నలుగురి ఎంప్లాయ్‌మెంట్ పాసులూ ఆ సంతకం మీదే ఉన్నాయి, లేకపోతే ఇంటికే. ప్రసాద్ భార్య, కూతురు వచ్చి మూడు వారాలే అయింది. టాంపినీస్‌లో నేనుండే బ్లాకులోనే ఫ్లాట్ తీసుకుని, పాపను బడిలో వేశాడు.

సోమవారం నీళ్ళు పెంచాం. ఇరవై నలుగురూ చనిపోయారు. మంగళవారం చేపలు పెంచాం, నడిచే వేగం పెంచాం. పుష్టిగా తిని, వేగంగా నడిచి చనిపోయారు. సముద్రాన్ని కొంచెం తగ్గిద్దామన్నాడు ప్రసాద్. సముద్రం ఒప్పందంలో ఉందని, తగ్గించే అధికారం తనకు లేదని లిమ్ చెప్పాడు.

బుధవారం ప్రదర్శనశాల సలహాదారు వచ్చారు. మూడు తరాల కిందట సింగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబం. పురావస్తు శాస్త్రం చెప్పి రిటైరయ్యారు. మేం ఆంటీ అనేవాళ్ళం. ఒకసారి నడిపించి చూపించమన్నారు. మనుషులు పొద్దున వేటకు వెళ్ళారు, సాయంత్రం వరసగా తిరిగొచ్చి నీళ్ళలోకి దిగారు.

"ఎందుకు వెనక్కి వస్తా ఉండారు?" అన్నారామె.

"వాళ్ళ ఇల్లు అదే కదాంటీ," అన్నాడు ప్రసాద్.

"ఎవురు చెప్పినారు తంబీ? పొయ్యి పెట్టిందే ఇల్లు. నీళ్ళొస్తే పొయ్యి ఇంకోచోట పెడతారు లా," అన్నారామె, సింగపూర్ అలవాటుగా మాట చివర 'లా' తగిలించి.

తప్పు ఎక్కడుందో అప్పుడు తెలిసింది. పదేళ్ళుగా బ్యాంకు ఖాతాదారుల రికార్డులు రాసిన చేతులవి. ఆదిమానవుడి రికార్డులో కూడా 'శాశ్వత చిరునామా' గడి పెట్టాం; పైగా తప్పనిసరి అని గుర్తు పెట్టాం. అది ఖాళీగా ఉంటే మనిషి పుట్టడు. పుట్టినవాడు సాయంత్రానికి అక్కడికి చేరాల్సిందే.

మిగతాది ఆంటీ చెప్పగా రాసుకున్నాం. అడవి మారితే తిండి జాబితా మారుతుంది: జింకలు పోతే ఆల్చిప్పలు, దుంపలు, ఎలకలు. కాలం మరీ చెడ్డదైతే పిల్లనిచ్చిన గుంపు దగ్గరికి పోతారు. అందుకే ఆ మనుషులు దాచుకునేది సరుకు కాదు, చుట్టరికం. మేం చిరునామా గడి తీసేసి, ఆ స్థానంలో 'బంధువులు' అని పెట్టాం. ఆ మార్పుకు నలభై నిమిషాలు పట్టింది.

శుక్రవారం సంతకం అయింది. పాసులు ఏడాది పొడిగించడానికి కంపెనీ ఫారాలు ఇచ్చింది. మూడో గడి శాశ్వత చిరునామా, తప్పనిసరి. ప్రసాద్ పెన్ను మూత తీసి, "ఏం రాయాలి గురూ, గుంటూరా, టాంపినీసా?" అన్నాడు. ఏదో ఒకటి రాయి, ఖాళీగా ఉంటే నువ్వు పుట్టవని చెప్పాను.

మరుసటి ఏడాది ఐటీ మార్కెట్ పడిపోయి మా విభాగం మూసేశారు. ప్రసాద్ కౌలాలంపూర్‌లో బావమరిది ఉన్న కంపెనీకి వెళ్ళాడు. మిగతా ఇద్దరూ అతని వెనకే వెళ్ళారు. నాకు అక్కడ బంధువులు లేరు. చిరునామా మార్చకుండా టాంపినీస్‌లోనే ఉండి, విజిట్ పాసు పొడిగించుకుంటూ ఏడు నెలలు దరఖాస్తులు పెట్టి, హైదరాబాద్ తిరిగొచ్చాను.

ఏ రికార్డు రాసినా, తప్పనిసరి గడులను ముందు అనుమానించాలని ఆ పని నేర్పింది. తర్వాత ఇరవై ఏళ్ళూ అలాగే చేశాను.

శుక్రవారం పరీక్షలో బతికినవారు: ఇరవై నలుగురిలో ఇరవై ఒకరు. మా జట్టులో: నలుగురిలో ముగ్గురు.