వదిన ఆరబెట్టిన మడి

మా పెద్దాడబిడ్డ దవాఖానలో పోయిందని ఫోను వచ్చేసరికి జనగామలో మా ఇంట్లో పొయ్యి మీద పాలు కాగుతున్నాయి. పొయ్యి ఆర్పాను, పాలు వడగట్టాను, తాళం వేశాను. ఏడుపు మా అత్తగారి ఊరు టేకుమట్లకు వెళ్ళే బస్సులో వచ్చింది.

నేనామెను వదిన అనేదాన్ని. వ్యవసాయ శాస్త్రవేత్త. పొలానికి నీళ్ళు ఎప్పుడు, ఎంత పెట్టాలన్నదే ఆమె జీవితమంతా చేసిన పని. ఉద్యోగమంతా మహబూబాబాద్ చుట్టుపక్కల ఊళ్ళలో గడిచింది. ఏ ఊళ్ళోనైనా ఒకటే చెప్పేది: వరి మడిలో ఎప్పుడూ నీళ్ళు నిలపనక్కర్లేదు. చిల్లులున్న గొట్టం ఒకటి మడిలో పాతి, దాని లోపల గీసిన గీత కిందికి నీళ్ళు దిగాకే మోటరు వేయాలి. పైన నేల నెర్రెలిచ్చినా భయం లేదు. పొట్టకొచ్చినప్పుడు మాత్రం ఆరనివ్వొద్దు.

"మడి ఎండబెట్టే మేడమొచ్చింది" అని రైతులు నవ్వేవారు. ఆమె చెప్పులు గట్టున విడిచి మడిలోకి దిగేది.

"నవ్వుర్రి. కాలువల గోదారి నీళ్ళొచ్చినయని వరికి కడుపు పెద్దగైతదా?"

మా ఇంటికొస్తే తులసి కుండీలో వేలు గుచ్చి చూశాకే కూర్చునేది. "రోజూ పోస్తున్నవ్ గదా, దానికి దూపైందా అని ఎన్నడన్న అడిగినవా?" అప్పటి నుంచి నేను దాని దాహం అడిగే పోస్తున్నాను.

రిటైరయ్యాక టేకుమట్లలో తన వంతు ఎకరం తానే సాగు చేసింది. ఈ యాసంగి వరి నాట్లయ్యాక దవాఖానలో చేరుతూ ఆ మడి నాకప్పజెప్పింది. "ఎవ్వలేడ్చినా గీత దిగకముందు మోటరెయ్యకు."

మూడో నాడు పిట్టకు పెట్టడానికి, పోయినామె పేర కాకులకు అన్నం పెట్టడానికి, ఆ పొలం గట్టుకే వెళ్ళాం. ఇస్తారిలో అన్నం, ఆమెకిష్టమైన సర్వపిండి పెట్టి దూరం జరిగాం. కాకులు తుమ్మచెట్టు దిగలేదు. వదినను చిన్నప్పుడు ఎత్తుకు తిప్పిన పక్క పొలం పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు.

"బిడ్డ పానం పొలం మీదనే ఉన్నది. మడి చూడుర్రి, నోరు తెరిచింది. నీళ్ళు పెడ్తె పిట్ట ముడ్తది."

అంటూ మోటరు స్టార్టరు డబ్బా వైపు నడిచాడు. అందరూ తలలూపారు, మా ఆయన కూడా. నేను గొట్టంలోకి తొంగి చూసి, వెళ్ళి అడ్డం నిలబడ్డాను.

"నీళ్ళు ఇంక గీత మీదనే ఉన్నయి మామా."

"సచ్చిన బిడ్డకు నీళ్ళు పొయ్యనియ్యవా కోడలా? గంత రాతిగుండెనా?"

"ఆమె బతికుండంగ నవ్వితిరి. ఇయ్యాల ఆమె పేరు చెప్పి ఆమె పనే చెడగొడ్తరా? పిట్ట ముట్టకుంటే ముట్టకపాయె. మోటరు మాత్రం ఎయ్యనియ్య."

"జనగామ గాలి తగిలింది" అని వెనక నుంచి ఎవరో అన్నారు. తగిలితే తగలనీ అనుకున్నాను. పెద్దాయన చెయ్యి డబ్బా మీద, నా చెయ్యి దాని తలుపు మీద.

ఇంతలో ఒక కాకి దిగింది. ఇస్తారి వైపు చూడనైనా లేదు. మడిలో వాలి, నెర్రెలిచ్చిన మట్టి మీద, పచ్చటి దుబ్బుల మధ్య తాపీగా నడుస్తూ పురుగులు ఏరుకోసాగింది. పెద్దాయన చెయ్యి ఎప్పుడు తీశాడో నేను చూడలేదు. కాకి పక్క మడిలో నిలిచిన నీళ్ళ అంచు దాకా వెళ్ళింది, ఆగింది, మళ్ళీ వదిన మడిలోకే తిరిగింది.