లూర్దమ్మ అభ్యంతరం

గుంతకల్లు రైల్వే కాలనీలో లూర్దమ్మ అంటే ఎవురికీ తెలీదు గానీ, "ఫాదరమ్మ" అంటే పాలాయన గూడా ఇల్లు చూపిస్తాడు. కొడుకు జోజి ఇంకా ఫాదరే కాలేదు, సెమినరీలో చదువుతాండాడు. ఈమె మాత్రం అప్పుడే చర్చిలో ముందు వరస పట్టేసింది. ఏం చెప్పల్ల ఆమె జంబం! వాడు పసిబిడ్డగా ఉన్నప్పుడు కామెర్లొచ్చి పోయేటట్టుంటే, "బతికిస్తే నీ సేవకే ఇస్తా ప్రభువా" అని మొక్కుకొన్న మనిషి.

ఈ సెలవులకు జోజి వచ్చినాడు. చర్చి పాటల ప్రాక్టీసులో చూడల్ల వాని గొంతు, మేకపోతు నయం. వాడు శ్రుతి తప్పినప్పుడల్లా కీబోర్డు వాయించే సుష్మ టీచరు సౌండు పెంచి కాపాడుతుంది. ఇద్దురూ నవ్వుకుంటారు. లూర్దమ్మకు మొదట ఒళ్లు మండింది. తర్వాత దిగులు పట్టుకునింది, ఎందుకంటే ఇంట్లో వాడు అన్నంలో చెయ్యి పెట్టి అట్లే కూర్చుంటాండాడు.

"జోజీ, ఆ సుష్మ పాపంటే ఇష్టమా?" అని నిలదీసింది.

వాడు తలెత్తలేదు. "ఇష్టమైతే మాత్రం ఏం చేయల్లమ్మా? నీ మొక్కు ఉండాది గదా. అది తప్పితే నీకేమన్నా అయితాదేమోనని నాకు భయం."

ఓరి నా బిడ్డా, నాకోసమా నువ్వు ఇంత దిగమింగుతాండేది అనుకునింది లూర్దమ్మ.

ఆదివారం పూజలో ఫాదరు చాటింపు చదివినాడు. జోజికి డీకన్ పట్టమిస్తారంట, ఫాదరు అయ్యేదానికి ముందు మెట్టు. అదైతే ఇంక జన్మలో పెండ్లి లేదు. "ఎవురికన్నా అభ్యంతరం ఉంటే చెప్పల్ల" అన్నాడు. ఎవురు చెప్తారు? ఏనాడూ ఎవురూ చెప్పింది లేదు. జనం పాటల పుస్తకాలు తిప్పుకుంటాండారు.

లూర్దమ్మ లేచి నిలబడింది.

"నాకుండాది ఫాదర్."

చర్చి మొత్తం ఆమె పక్కకు తిరిగింది.

"నువ్వా? ఏమమ్మా నీ అభ్యంతరం?"

"వాన్ని దేవుడు పిలవలేదు. నేనే తోసినా. మొక్కు నాది, బతుకు వానిది. దేవునికి కోపమొస్తే నన్నే అడగమను, జవాబు నేను చెప్పుకుంటా."

ఫాదరు కాగితం మడిచినాడు. "జోజీ, నిజమేనా?"

"నిజం ఫాదర్" అన్నాడు జోజి, ఏడుస్తా.

"అట్లయితే బిషప్పుగారితో నేను మాట్లాడతా. ఇది పట్టం ఇచ్చినాక తెలిసింటే మనకందరికీ పాపం."

జోజి అందరి ముందరే వచ్చి తల్లిని వాటేసుకున్నాడు. "అమ్మా, నీకు భయం కాలేదా?"

"అయింది. అయితే కానీలే! నీ భయం పోయింది గదా, నాకదే చాలు. పోరా, ఆడ కీబోర్డు కాడ ఆ పాప ఏడుస్తాంది. ముందు పోయి ఆ పాపను చూడు."