సున్నం కింది గాజుపట్టీలు

కూలిన ఇళ్ల దగ్గర వీరుల్ని వెతకడం మా దేశంలో అలవాటు. శిథిలాల్లోంచి పిల్లని ఎత్తుకొచ్చినవాడికి పతకం వేస్తాం, బాగానే ఉంది. గోడ కూలకుండా ముప్పై ఏళ్లు కాసినవాళ్లెవరని అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తాం. అగ్లాయా తుదోసేకి పతకం రాలేదు. వచ్చి ఉంటే, దాన్ని తగిలించేముందు గోడని వేలితో కొట్టి చూసి ఉండేది.

రుమేనియాలో వ్రాంచా కొండలకి దిగువన మా పట్టణం. ఆ కొండల కింద నేల కదిలితే మా ఇళ్లలో దీపాలు ఊగుతాయి. జిల్లా పన్నుల ఆఫీసుకి ఆవిడ తాపీమేస్త్రి. నేను అదే ఆఫీసులో గుమాస్తాని. ఆ భవనం డెబ్భైయేడు భూకంపానికి పగిలింది, కూలలేదు. కూలని భవనాలతోనే అసలు చిక్కు. కూలినవాటిని కొత్తగా కడతారు, కూలనివాటికి సున్నం వేస్తారు.

నిజంగానే వేస్తారు. ఈస్టర్ ముందు వారంలో మా దగ్గర ఇల్లూ కంచే చెట్టు మొదలూ ఏదీ సున్నాన్ని తప్పించుకోలేదు. తొంభైలో, తన ఇరవయ్యారో ఏట, అప్పటి అధికారి చెప్పాడని అగ్లాయా ఆఫీసు గోడలన్నీ తెల్లగా చేసేసింది, పగుళ్ల మీది గాజుపట్టీలతో సహా. పగులుకి అడ్డంగా పలచటి గాజుపట్టీ పెట్టి, రెండు కొసలూ జిప్సం ముద్దతో అతికించి, పక్కన తేదీ రాస్తారు. పట్టీ నిలిచి ఉంటే పగులు కదలనట్టు. విరిగితే గోడ ఇంకా జరుగుతున్నట్టు. సున్నం కింద ఏది విరిగిందో ఎవరికీ కనబడలేదు. మే నెలాఖరున నేల అదిరి, మెట్ల పైకప్పు గచ్చు పెళ్ల ఊడి టైపిస్టు ఒర్తాన్సా కాలి మీద పడింది. ఆస్పత్రికెళ్లి అగ్లాయా ఏడ్చిందట. "ఏడుపు తర్వాత. ముందెళ్లి మిగతా పట్టీలు గీకి చూడు," అందట ఒర్తాన్సా. ఆ కాలు ఇప్పటికీ వంకరే.

ఆ తర్వాత ముప్పై మూడేళ్లు ఏ సున్నం కుంచె వచ్చినా అగ్లాయా పట్టీల పక్కన నిలబడి కాసింది. పదవీ విరమణకి ఏడాది ముందు మాత్రం మోకాలి వైద్యానికని వారం సెలవు పెట్టింది. ఆ వారం మొదట్లోనే నేల ఓసారి చిన్నగా అదిరింది. ఈస్టర్ ముందటి పవిత్ర వారంలో బుధవారం పొద్దున్న తిరిగొచ్చేసరికి భవనమంతా పాలపొంగులా ఉంది. పదకొండు పట్టీల్లో ఒక్కటీ కనబడలేదు.

ఆ రోజే పదింటికి బుకారెస్టు నుంచి ఇంజనీరు వస్తున్నాడు. బలపరచాల్సిన ప్రభుత్వ భవనాల జాబితాలో మాది ఉంది. "పగుళ్లలో కదలిక లేదు" అని అతను సంతకం పెడితే జాబితాలోంచి పోతుంది. మళ్లీ ఎప్పుడు ఎక్కుతుందో ఎవరూ చెప్పలేరు. ఈలోగా రోజుకి రెండొందల మంది కింది హాల్లో, డెబ్భైయేడులో పగిలిన దూలం కిందే, వరసలో నిలబడుతూ ఉంటారు. డైరెక్టరు జాంఫిర్‌కి జాబితా అక్కర్లేదు. బలపరిస్తే రెండేళ్లు భవనం ఖాళీ చెయ్యాలి. ఆయన గదికి బాల్కనీ ఉంది మరి.

"మొన్న వచ్చిందీ ఒక కుదుపేనా? నా గదిలో దీపమే ఊగలేదు," అన్నారు ఆయన ఇంజనీరుతో.

"మీ దీపం గొలుసుకి లేదు డైరెక్టర్ గారూ, స్లాబులో బిగించి ఉంది. బిగించింది నేనే. అది ఊగిందంటే చూడ్డానికి మనం ఉండం," అంది అగ్లాయా.

ఇంజనీరు కోస్మిన్‌కి ముప్పై ఉంటాయేమో. గోడంతా తడిమి చూశాడు. "సున్నం ఎక్కడా చీలలేదండీ."

"నిన్న వేసిన సున్నం బాబూ అది. చీలడానికి దానికి వయసేదీ?"

గోరువెచ్చటి నీళ్ల బకెట్, లప్పం రేకు, నిచ్చెన తెచ్చుకుంది. ఏ పట్టీ ఎక్కడుందో కాగితం చూడక్కర్లేదు.

"ఈస్టర్ ముందు ఇంత చక్కటి గోడ గీకుతారా ఎవరన్నా!" డైరెక్టర్ నొచ్చుకున్నారు.

మొదటి పట్టీ నిక్షేపంగా ఉంది. రెండోదీ అంతే. ఏడోదాకా ఒక్కదానికీ గీత లేదు. జాంఫిర్ గడియారం చూసుకున్నారు. ఇంజనీరు కలం తీశాడు. వరసలో జనం గుసగుసలు మొదలెట్టారు. అగ్లాయా నిచ్చెన దిగి, దాన్ని ఇంకో చోటికి జరుపుకుంది.

"కానీవే అగ్లాయా. నా కాలికేం తొందర లేదు," అంది ఒర్తాన్సా కౌంటర్ వెనకనుంచి.

"నువ్వు ఆ దూలం కిందనుంచి లేచి మాట్లాడు ముందు."

ఎనిమిదో పట్టీ మూడో కౌంటర్ మీద, దూలం స్తంభంలో కలిసేచోట ఉంది. తడిపింది, గీకింది. నడిమికి విరిగి ఉంది.

"రేకు తగిలి విరిగింది! అందరం చూశాం!" అరిచారు జాంఫిర్.

నిజానికి అలా జరగొచ్చు కూడా. అగ్లాయా కిందికి దిగిపోయింది.

"నువ్వెక్కు బాబూ. నేనిక ముట్టుకోను. ఓ ముక్క లాగి దాని అంచు చూడు. ఏ రంగులో ఉంది?"

"తెల్లగా ఉందండీ."

ఆవిడ జేబులోంచి కొత్త పట్టీ తీసి, చేతిరుమాల్లో చుట్టి, టప్పున విరిచి చూపించింది. అంచు నీళ్లలా ఉంది. "ఇప్పుడు విరిగినది ఇలా ఉండాలి. నీ చేతిలోదానికి సున్నపు నీళ్లు లోపలిదాకా పోయాయి. అంటే కుంచె వచ్చేసరికే అది విరిగి నోరు తెరుచుకుని ఉంది."

కోస్మిన్ ఆ ముక్కని వెలుతురుకి పట్టి చాలాసేపు చూశాడు. తర్వాత కలం జేబులో పెట్టేసుకున్నాడు. "జాబితాలోనే ఉంటుంది డైరెక్టర్ గారూ. ఈ హాలు మాత్రం ఇవాళే ఖాళీ చెయ్యాలి."

"ఇవాళా? ఇంతమందినీ ఎక్కడికి తోలను?"

అగ్లాయా ఏప్రాన్‌లోంచి తాళంచెవి తీసింది. "సాంస్కృతిక భవనం. ఒకటే అంతస్తు. పదహారు బల్లలు పడతాయి. నవంబరులోనే అడిగి పెట్టా."

"నవంబరు నుంచీ నా వెనకాల కుట్ర చేస్తున్నావా!"

"కొలతలు తీసుకున్నానండీ. ఇంకా మూడు పట్టీలున్నాయి, జరగండి."

ఆ మూడింట్లో ఇంకోటి విరిగి ఉంది. మధ్యాహ్నానికి బల్లలు వీధి దాటాయి. ఒక ముసలాయన మాత్రం కదలనని మొండికేశాడు. "ఇక్కడ నేను నాలుగోవాణ్ణి. అక్కడ ఎన్నోవాణ్ణి?"

"అక్కడా నాలుగే తాతా. ముందు బయటికి పద," అని ఆయన చెయ్యి పట్టుకుని నడిపించింది.

ఖాళీ హాల్లో అగ్లాయా విరిగినచోటల్లా కొత్త పట్టీలు అతికించి తేదీలు వేస్తుంటే కోస్మిన్ అడిగాడు, ఎవరూ లేని భవనానికి ఇవెందుకని.

"పని ఎప్పుడు మొదలవుతుందో నీకు తెలుసా? నాకూ తెలీదు. వచ్చే ఈస్టరుకి నేనుండను. సున్నం వేసేవాళ్లు తప్పకుండా ఉంటారు."

పట్టీల చుట్టూ గుర్తు గియ్యడానికి రంగు లేదు. ఒర్తాన్సా కుంటుకుంటూ వచ్చి, మర్నాడు ఈస్టర్ గుడ్లకి వెయ్యడానికి కొనుక్కున్న ఎర్రరంగు పొట్లం బల్ల మీద పెట్టింది.

"చిక్కగా కలుపు. ఈ ఏడు మా ఇంట్లో గుడ్లు తెల్లగానే తింటాం."

అగ్లాయా కలిపింది. పదకొండు పట్టీల చుట్టూ, అప్పుడే ఆరిన సున్నం మీద, వేలెడు మందాన ఎర్రటి చట్రాలు గీసింది.