బాణం గుర్తు బ్యాకప్

ఒక గ్రంథాలయం మొత్తాన్ని నేను ఒంటిచేత్తో మాయం చేసిన వైనం ఇది. నిప్పంటుకోలేదు, వరద రాలేదు, చెదపురుగుల ప్రమేయం అసలే లేదు. వాటన్నిటి పనికీ నేనొక్కణ్ణే సరిపోయాను.

తెలంగాణ ఉద్యమం ఉరకలెత్తుతున్న రోజులు. తార్నాక పక్కనున్న మా యూనివర్సిటీలో సర్కారు ఖర్చుతో పాత తెలుగు పుస్తకాలను స్కాన్ చేసే ప్రాజెక్టు ఒకటుండేది. దానికి పెద్ద, గుంటూరు నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడ్డ సుజాత మేడం. ముట్టుకుంటే పొడి రాలే పేజీలను మూడేళ్ళుగా పసిబిడ్డల్లా తిప్పుతూ స్కాన్ చేసినవాడు వారాసిగూడ యాదగిరన్న. నేనేమో పీహెచ్‌డీ కుర్రాణ్ణి, ఎవరైనా ఉచితంగా వాడి పంచుకోగల ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు ప్రచారకుణ్ణి. క్యాంటీన్లో ఎవరైనా నా పక్కన కూర్చుంటే చాలు, వాళ్ళ చాయ్ చల్లారేదాకా "సాఫ్ట్‌వేర్ ప్రజలది, జ్ఞానం ప్రజలది" అని ఊదరగొట్టేవాణ్ణి.

అలాంటి నేనే ల్యాబు తలుపు మీద నోటీసు అంటించాను: "అనుమతి లేకుండా స్కాన్లు కాపీ చేసినవారిపై చర్య తీసుకోబడును." నవ్వకండి. పుస్తకాలన్నీ ఒకేరోజు, రిబ్బను కత్తిరించి, నా ఉపన్యాసంతో సహా లోకానికి విడుదల చెయ్యాలని నా ఆశ.

ప్రాజెక్టు ముగిసింది. కొన్న సాఫ్ట్‌వేర్ గడువు నెలాఖరుతో సరి. ఆ తర్వాత పుస్తకాలు తెరుచుకోవు.

"దాన్ని పీకేసి ఓపెన్ సోర్స్ ఎక్కిస్తానండీ!" అని తొడగొట్టాను.

"బ్యాకప్ తీశావా?" అన్నారు మేడం.

"తీశాను. ఒక్క సెకనులో అయిపోయింది!"

"మూడేళ్ళ పని ఒక్క సెకనులోనా?"

"కొత్త హార్డ్ డిస్కు కదండీ, గుర్రంలా పరుగెత్తింది!"

యాదగిరన్న ఏదో అనబోయాడు. "అన్నా, నువ్వు స్కానర్ చూసుకో" అన్నాను.

బయట విద్యార్థుల ఊరేగింపు, "జై తెలంగాణ" నినాదాలు. లోపల కంప్యూటరు అడిగింది: డిస్కులో ఉన్నదంతా చెరిపెయ్యమంటారా? నినాదాల ఊపులో పిడికిలి ఎత్తి మరీ "అవును" నొక్కాను.

గంటలో కంప్యూటరు కొత్త పెళ్ళికొడుకులా తయారైంది. బ్యాకప్ డిస్కు తగిలించి "పుస్తకాలు" అన్న బొమ్మ నొక్కాను. తెరుచుకోలేదు. మళ్ళీ నొక్కాను. వేలు అరిగింది గానీ బొమ్మ కదల్లేదు. అప్పుడు కనబడింది, దాని మూలన చిన్న బాణం గుర్తు.

కంప్యూటరు తెలిసినవారు ఇప్పటికే తల పట్టుకుని ఉంటారు. తెలియనివారికి మనవి: బాణం ఉన్న బొమ్మ పుస్తకాల సంచి కాదు, సంచి ఎక్కడుందో చెప్పే చీటీ. నేను చీటీని భద్రంగా దాచి, సంచిని తగలబెట్టాను.

మేడం కుర్చీలో కూలబడ్డారు. "ఏమయ్యా, ఆ పుస్తకాల్లో సగం పొడైపోయాయి. మళ్ళీ స్కాన్ చేద్దామంటే కాగితాలేవీ?"

నేను ఆ బొమ్మనే ఇంకోసారి నొక్కి చూశాను.

యాదగిరన్న తలుపు మీది నోటీసు వంక చూశాడు, నా వంక చూశాడు. "తమ్మీ, ఒక్క ముచ్చట చెప్త. చర్య తీస్కోవు గద?"

"ఏంటన్నా?"

"వారం వారం డీవీడీలు కొట్టి ఇంటికి పట్కపోయిన. మా గల్లీల చదివేటోళ్ళున్నరు. అన్నీ ఉన్నయ్."

"మూడేళ్ళుగా దొంగతనం చేశావటయ్యా!" అన్నారు మేడం. గొంతులో కోపం, కళ్ళలో దీపావళి.

"దొంగతనమేంది మేడం? జ్ఞానం ప్రజలదని తమ్మి దినాం చెప్పేటిదే గద. నేను నమ్మిన, గంతే."

ఆరోజు బస్సులు బంద్. ముగ్గురం సీతాఫల్‌మండి మీదుగా వారాసిగూడకు నడిచాం, నడిచామంటే పరుగెత్తాం. తిరిగొస్తుంటే నా నెత్తి మీద బియ్యం సంచి నిండా డీవీడీలు. దారిలో పోలీసు ఆపాడు.

"ఏందిర గవి? ఉద్యమం పాటలా?"

"పాత పుస్తకాలు సార్."

"గిన్ని పుస్తకాలెవడు చదువుతడు? పో, పో!"

మేడం నవ్వుతూ అడిగారు. "రాష్ట్రం విడిపోతే ఇవి ఎవరికోయ్, యాదగిరీ?"

"పంచుడెందుకు మేడం? ఇంకో కాపీ కొడ్త. మీకొకటి, మాకొకటి!"

ఆ సాయంత్రమే తలుపు మీది నోటీసు పీకి కొత్తది అంటించాను: "దయచేసి కాపీ చేసుకోగలరు." ఆ పైన, చేతిలో పొగలు కక్కుతున్న చాయ్ సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో బాణం గుర్తును నమ్మను. నేటికీ రోడ్డు మీద బోర్డు "తార్నాక" అని బాణం చూపిస్తే, అటునుంచి వచ్చేవాణ్ణి ఆపి మరీ అడుగుతాను: "అన్నా, తార్నాక నిజంగా అక్కడే ఉందా, ఎవరైనా చెరిపేశారా?"