దీవిలో మూడో మొసలి

నాకు దర్శిలో టీచరు ఉద్యోగం వచ్చిన కొత్తలో, ఎనభైల్లో, మా స్కూలు వాళ్ళందరం సాగర్‌లో లాంచీ ఎక్కి దీవి చూడ్డానికి వెళ్ళాం. అమ్మ కూడా వచ్చింది. ముందు రోజు దాకా కల్లంలో కూలికి మిరపకాయల్లోంచి తాలుకాయలు ఏరింది. చేతులు మండుతున్నా సరే, నాతో పనిచేసేవాళ్ళను చూడాలని ఆమెకు ఒకటే సరదా.

లాంచీలో తోటి టీచరు ఆవిడెవరని అడిగితే, "మా ఊరావిడండీ, తోడొచ్చింది" అనేశాను. అంత తేలిగ్గా నా నోటికెలా వచ్చిందో! ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

గైడు మమ్మల్ని దీవి వెనక్కి తీసుకెళ్ళి, రాళ్ళ మీద ఎండకు పడుకున్న రెండు మొసళ్ళను చూపించాడు. "నీళ్ళ దగ్గరికి ఎవరూ పోమాకండి" అన్నాడు. మాకూ వాటికీ ఇరవై అడుగులు కూడా లేవు. వాటి వీపుల మీద బురద ఎండి బీటలు తీసింది. నోళ్ళు తెరిచి, కదలకుండా పడున్నాయి.

మిరపకాయల పనికి వెళ్ళే ఆడవాళ్ళు నీళ్ళు కనబడితే చాలు, చేతులు ముంచుతారు. అందరికంటే వెనకున్న అమ్మకు గైడు మాట వినబడలేదు. పక్కకు వెళ్ళి, గట్టు మీద కూర్చుని, మోచేతుల దాకా నీళ్ళలో పెట్టి కళ్ళు మూసుకుంది. ఆమె ఎదురుగా నీళ్ళలో ఒక దుంగ. ఆ దుంగకు కళ్ళున్నాయి. అల కూడా లేకుండా దగ్గరికొస్తోంది.

"ఏమండీ! లేవండి!" అని అరిచాను. అమ్మ తిరగలేదు. కూలికి పోయే మనిషిని అండీ అని ఎవరు పిలుస్తారు? మళ్ళీ అదే అరిచాను. అమ్మా అన్న పిలుపు గొంతు దాకా వచ్చింది. పక్కన తోటి టీచరుంది. మింగేశాను.

గైడు ఒక్క ఉరుకున వెళ్ళి అమ్మ రెక్క పట్టి లాగాడు. నీళ్ళు పైకెగిశాయి. దవడలు టప్పున మూసుకున్నాయి. ఆ చప్పుడు ఇప్పటికీ నన్ను నిద్రలోంచి లేపుతుంది.

తిరుగు బస్సులో అమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎవరికీ వినబడకుండా నా చెవిలో అంది.

"నువ్వు పిలిచింది నన్ననుకోలేదమ్మాయ్. అమ్మా అంటే తిరిగేదాన్ని గదా."